సిస్టమ్‌లో వైరస్ పడితే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంట్లో కంప్యూటర్‌కి వైరస్ పట్టిన బాధల గురించే. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల నుంచి వచ్చినవి ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఊరి పేరు మాత్రమే ఉంటుంది.

ప్ర: మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను, సగం పని ఇంట్లో సిస్టమ్‌లోనే చేస్తాను. పోయిన వారం మా అబ్బాయి ఫొటోలు ఎడిట్ చేసుకునే సాఫ్ట్‌వేర్ ఏదో ఫ్రీగా దొరికిందని రాత్రి వేశాడు. పొద్దున చూస్తే ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫైలు పేరు చివర కొత్తగా నాలుగు అక్షరాలు చేరాయి. ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ అని ఒక నోట్ ఉంది. 980 డాలర్లు కట్టాలంట, 72 గంటల్లోపు అయితే 490కే ఫైళ్లు తెరిచే తాళం ఇస్తారంట. ట్యాలీ డేటా, పాప పెళ్లి ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. కట్టమంటారా?

జ: కట్టొద్దండీ. కట్టినా తాళం ఇస్తారన్న భరోసా ఏమీ లేదు, కట్టేవాళ్లు ఉన్నంత కాలం ఈ దందా ఆగదు కూడా. మీరు చెప్పిన గుర్తులు, అంటే ఆ నోట్, 980కి సగం 490 అనే బేరం, 72 గంటల గడువు, ఇవన్నీ చూస్తే ఇది స్టాప్ లేదా డీజేవూ అని పిలిచే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే వైరస్) జాతిదిలా ఉంది. పెద్ద కంపెనీల కంటే ఇళ్లలో సిస్టమ్‌లనే ఎక్కువగా పట్టే రకం ఇది, అదీ ఎక్కువగా క్రాక్ సాఫ్ట్‌వేర్‌ల వెంటే, అంటే డబ్బు కట్టి కొనాల్సిన వాటిని దొంగదారిలో ఫ్రీగా నడిచేలా చేసిన వాటి వెంటే వస్తుంది.

ముందు నెట్ తీసేయండి. సిస్టమ్‌కి ఏ పెన్‌డ్రైవూ, ఏ హార్డ్ డిస్కూ కొత్తగా తగిలించొద్దు. ఎవరో చెప్పారని వెంటనే ఫార్మాట్ కొట్టించొద్దు, ఆ రీడ్‌మీ నోట్ కూడా చెరపొద్దు, దాంట్లోనే మీకు కావాల్సిన సమాచారం ఉంది. నోట్ చివర పర్సనల్ ఐడీ అని పొడవాటి అక్షరాల వరస ఉంటుంది, అది t1 తో ముగిసిందేమో చూడండి. ఈ వైరస్ పని మొదలుపెట్టే ముందు తన సర్వర్‌ని అడిగి మీ ఒక్కరి కోసం వేరే తాళం తెచ్చుకుంటుంది, ఆ టైమ్‌కి సర్వర్ అందకపోతే తనలోనే ఉన్న ఒక ఉమ్మడి తాళం వేసేస్తుంది. t1 అంటే ఆ ఉమ్మడి తాళం అన్నమాట. అదే తాళం పడిన ఇంకెవరి ద్వారానైనా అది బయటికొస్తే మీ ఫైళ్లు కూడా తెరుచుకుంటాయి. ఎమ్సిసాఫ్ట్ అనే కంపెనీ ఇందుకోసం ఉచితంగా ఒక టూల్ ఇస్తోంది. యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ వెబ్‌సైట్‌లో కూడా ఇలాంటి టూల్స్ ఉంటాయి, అక్కడ డబ్బు అడగరు. ఒకటే జాగ్రత్త, ఈ పేర్లు పెట్టుకుని దొంగ టూల్స్ కూడా తిరుగుతున్నాయి, అందుకని ఆ కంపెనీ సైట్ నుంచే దించుకోండి, ఎవరో వీడియో కింద ఇచ్చిన లింకు నుంచి వద్దు.

t1 కాకపోతే ఆ తాళాన్ని లెక్కలు వేసి విప్పడం ఎవరి వల్లా అయ్యే పని కాదు. ‘నూటికి నూరు శాతం రికవరీ చేస్తాం, ముందు అడ్వాన్స్ వెయ్యండి’ అనేవాళ్లని దగ్గరికి రానివ్వకండి. అయినా తాళం పడిన ఫైళ్లు అన్నిటినీ ఒక వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి దాచండి, ఎందుకంటే నేరస్తుల సర్వర్‌లు పోలీసులకి చిక్కినప్పుడు తాళాలు బయటపడిన సందర్భాలు ఉన్నాయి. ఆ కాపీ కూడా మీ సిస్టమ్‌లోని విండోస్ నడుస్తుండగా చెయ్యకండి, డిస్క్ బయటికి తీసి ఇంకో శుభ్రమైన సిస్టమ్‌కి తగిలించి చెయ్యమని తెలిసిన టెక్నీషియన్‌కి చెప్పండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తొందరగా పని ముగించాలని ఈ వైరస్ ప్రతి ఫైల్‌లో మొదటి 150 కేబీ చిల్లర మాత్రమే తాళం వేసి వదిలేస్తుంది. చిన్న ఎక్సెల్ షీటు, ఫొటో అయితే అందులోనే సర్వం పోతుంది, కానీ పెళ్లి వీడియో లాంటి జీబీల ఫైల్‌లో పోయేది మొదట్లో కొంచెమే, వీడియో రిపేర్ సాఫ్ట్‌వేర్‌తో మిగతాది చాలావరకు వస్తుంది. ఫొటోల మాటకొస్తే పెళ్లి తీసిన స్టూడియో వాళ్ల దగ్గర కాపీ ఉందేమో ఈరోజే ఫోన్ చేసి అడగండి, వాళ్లు కూడా పాతవి తుడిచేస్తుంటారు. ట్యాలీ డేటా మీ ఆడిటర్ దగ్గర, రిటర్న్‌లు వేసినప్పుడు పంపిన మెయిల్స్‌లో, ఆఫీస్ సిస్టమ్‌లో ఎక్కడైనా పాత బ్యాకప్ ఉండొచ్చు. మార్చిదైనా సరే దొరికితే అక్కడి నుంచి ఎంట్రీలు వేసుకోవచ్చు, మొదటి నుంచి రాసుకోవడం కన్నా అది ఎంతో నయం.

ఇప్పుడు అన్నిటికన్నా అర్జెంటు పని. ఈ రకం వైరస్ చాలాసార్లు ఒంటరిగా రాదు, పాస్‌వర్డ్‌లు దొంగిలించే ఇంకో ప్రోగ్రామ్‌ని కూడా వెంట తెస్తుంది. ఫైళ్లు పోయాయన్న టెన్షన్‌లో జనం దీన్ని పట్టించుకోరు, తర్వాత నెలకి మెయిల్ పోతుంది, ఆ తర్వాత బ్యాంకు. కాబట్టి ఆ సిస్టమ్‌లో ఎప్పుడైనా లాగిన్ అయిన ప్రతి అకౌంట్ పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చండి, మెయిల్‌తో మొదలుపెట్టండి. పాస్‌వర్డ్ మార్చడంతో ఆపకుండా ‘అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్’ కూడా కొట్టండి. మీరు పని చేసే యూనిట్ పోర్టల్ లాగిన్‌లు ఆ సిస్టమ్‌లో సేవ్ అయి ఉంటే మీ ఓనర్‌కి కూడా దాచకుండా చెప్పండి, కష్టమే గానీ చెప్పాలి.

ఇదంతా అయ్యాక డిస్క్ మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేయించుకోండి. వైరస్ తీసేశాంలే అని పాత విండోస్ మీదే నడపొద్దు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఫైళ్లు తిరిగి రాకపోయినా ఆఫీస్ లెక్కలు పోయినట్టు మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది.

అబ్బాయి గురించి ఒక మాట. తిట్టకండి. క్రాక్ దించుకునేటప్పుడు అక్కడ ‘యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చెయ్యండి, అది ఊరికే అరుస్తుంది’ అని రాసి ఉంటుంది, దాన్ని నమ్మి పిల్లవాడు తన చేత్తోనే కాపలా తీసేశాడు. ఫొటోలు ఎడిట్ చేసుకోవడానికి జింప్, క్రిటా పూర్తిగా ఉచితం, బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ కూడా ఉంది, వర్డ్, ఎక్సెల్ పనులకి లిబ్రే ఆఫీస్ ఉంది. అవి కూర్చోబెట్టి చూపించండి. నేర్చుకోవాలన్న కోరికతోనే కదా వేశాడు.

ప్ర: నెల్లూరు వేదాయపాళెం నుంచి రాస్తున్నాను. కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. డబ్బు కట్టే యాంటీవైరస్ వేయించకపోతే నెలలో పాడైపోతుందని షాపులో గట్టిగా చెప్పారు. నిజమేనా?

జ: నిజం కాదమ్మా. విండోస్ 10లో, 11లో డిఫెండర్ అనే యాంటీవైరస్ కొన్నప్పటి నుంచే ఉంటుంది, దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఒకప్పుడు అది అంతంతమాత్రమే, ఇప్పుడు జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ పరీక్షల్లో డబ్బు కట్టే వాటికి దీటుగా మార్కులు తెచ్చుకుంటోంది. ఇంట్లో వాడకానికి అది చాలు. డబ్బు పెట్టి కొనుక్కున్నా తప్పేం లేదు, పుణెలో క్విక్ హీల్, మన పక్కనే చెన్నైలో కే7 ఉన్నాయి, ఏదైనా ఇబ్బంది వస్తే ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి ఉంటాడన్నదే వాటితో వచ్చే అసలు లాభం. వేయిస్తే ఒకటే వేయించండి. రెండు యాంటీవైరస్‌లు పక్కపక్కనే పెడితే ఒకదాని పనిని ఇంకొకటి అడ్డుకుని సిస్టమ్ ఈడుస్తుంది. బయటిది ఒకటి వేస్తే డిఫెండర్ తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది, ఆ బయటిదాని గడువు తీరిపోయి రెన్యూవల్ చెయ్యకుండా అలాగే వదిలేసిన ఇళ్లు చాలా ఉన్నాయి, అలా వదిలేసేకన్నా తీసేసి డిఫెండర్‌ని పని చెయ్యనివ్వడం మేలు.

ఫ్రీ యాంటీవైరస్‌ల విషయంలో కొంచెం ఆలోచించండి. అవాస్ట్ కంపెనీ తమ యూజర్లు ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు సేకరించి అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో కోటీ అరవై అయిదు లక్షల డాలర్లు కట్టించింది. మనల్ని కాపాడాల్సిన ప్రోగ్రామే మన మీద నిఘా పెట్టడం నాకైతే మింగుడుపడని విషయం.

డబ్బు ఖర్చు లేకుండా మీరు చెయ్యాల్సినవి వేరే ఉన్నాయి. విండోస్ సెక్యూరిటీ తెరిచి ‘రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్’ అన్న చోట ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఆన్ చెయ్యండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే మీ డాక్యుమెంట్లు, ఫొటోల ఫోల్డర్లలో తెలియని ప్రోగ్రామ్ ఏదీ మార్పు చెయ్యలేదు. ఒక్కోసారి మంచి ప్రోగ్రామ్‌ని కూడా ఆపుతుంది, అప్పుడు అక్కడే దాన్ని అనుమతించుకోవచ్చు. ఇంకా ముఖ్యంగా, రోజూ వాడుకోవడానికి అడ్మినిస్ట్రేటర్ కాని మామూలు అకౌంట్ ఒకటి తయారు చెయ్యండి, పిల్లలకి అదే ఇవ్వండి. చాలా ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ అవ్వాలంటే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ అడగడం ఒక్కటే సగం ప్రమాదాలు ఆపుతుందని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఇప్పుడు ఇళ్లలోకి వచ్చే వైరస్‌లలో చాలావరకు తాముగా రావడం లేదు, మనమే ‘ఎస్’ కొట్టి లోపలికి తెచ్చుకుంటున్నాం.

మీ ఫైళ్లకి రెండో కాపీ ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో ఉండాలి. కాపీ అయ్యాక ఆ డిస్క్ తీసేసి బీరువాలో పెట్టాలి. సిస్టమ్‌కి తగిలించే ఉంచితే పైన చీమకుర్తి వాళ్లకి వచ్చినది మీకొస్తే అదీ పోతుంది. షాపులో చెప్పిన యాంటీవైరస్ డబ్బుతో ఆ డిస్క్ కొనుక్కోండి, అదే నా సలహా.

ప్ర: ఇందుకూరుపేట. డిగ్రీ చదువుతున్నా, మా నాన్నకి రొయ్యల గుంటలు ఉన్నాయి. హాల్ టికెట్ ప్రింట్ తీద్దామని పెన్‌డ్రైవ్ జిరాక్స్ షాపులో పెట్టా. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. డేటా పోయినట్టేనా?

జ: పోలేదు తమ్ముడూ, దాచిపెట్టింది. ఈ వైరస్ నీ అసలు ఫోల్డర్లని కనపడకుండా చేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు పెడుతుంది. నువ్వు షార్ట్‌కట్ నొక్కగానే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే నీ ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది, అందుకని ఎవరికీ అనుమానం రాదు. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ పెడితే చాలు వైరస్ దానంతట అదే నడిచేది, ఆ ఆటోరన్ సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో తీసేసి, 2011లో పాత విండోస్‌లకి కూడా అప్‌డేట్ ఇచ్చి ఆపింది. ఆ దారి మూసుకుపోయాక మన చేత నొక్కించుకోవడానికి ఈ షార్ట్‌కట్ ఎత్తు పట్టుకున్నారు.

షార్ట్‌కట్‌లు ఒక్కటి కూడా నొక్కకు. ఎడమ పక్క ఉండే చెట్టులాంటి లిస్టు నుంచి పెన్‌డ్రైవ్ తెరిచి, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టు. అప్పటికీ కనపడకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ అన్న టిక్ తీసెయ్, వైరస్ నీ ఫోల్డర్ల మీద సిస్టమ్ ఫైళ్లని ముద్ర వేసి ఉంటుంది. కొన్నిసార్లు పేరే లేని ఒక ఫోల్డర్‌లోకి అన్నీ తోసేస్తుంది, అదీ చూడు. నీ డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని, డిఫెండర్‌తో స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టు. తీసేసిన టిక్ మళ్లీ పెట్టడం మర్చిపోకు. షార్ట్‌కట్ ఇప్పటికే నొక్కి ఉంటే సిస్టమ్‌కి కూడా ఫుల్ స్కాన్ పెట్టాలి, లేకపోతే ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌కి మళ్లీ అదే అంటుతుంది.

వైట్ స్పాట్ రోగం వచ్చిన గుంటలో వేసిన వల తెచ్చి మీ నాన్న తన గుంటలో వెయ్యడు కదా, పెన్‌డ్రైవ్ కూడా అంతే. జిరాక్స్ షాపుకి వేరే ఒక చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకో, ప్రింట్ తియ్యాల్సిన పీడీఎఫ్ తప్ప దాంట్లో ఇంకేం ఉంచకు. లేదా షాపు మెయిల్‌కి పంపి ప్రింట్ తీయించుకో, అయితే ఆధార్ లాంటివి పంపితే ప్రింట్ అయ్యాక నీ ఎదురుగానే డిలీట్ చేయించు.

కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ వాళ్లు 2017లో సైబర్ స్వచ్ఛతా కేంద్ర మొదలుపెట్టారు, అందులో వైరస్‌లు తీసే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి, ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ తయారు చేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే పెన్‌డ్రైవ్ కాపలా కూడా అక్కడే ఉంది. షాపుల వాళ్లు అది వేసుకుంటే ఊరందరికీ మేలు. పరీక్షల టైమ్‌లో ఒక్క సిస్టమ్‌లో ఎంతమంది పిల్లల పెన్‌డ్రైవ్‌లు పడతాయో వాళ్లకి తెలియంది కాదు.

ప్ర: ఒంగోలు. ల్యాప్‌టాప్ ఆన్ అవ్వడానికే పది నిమిషాలు పడుతోంది. వైరస్ అంటారా?

జ: కావొచ్చు గానీ ఎక్కువసార్లు కాదు. పాత ల్యాప్‌టాప్‌లలో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటుంది, నెమ్మదికి అదే కారణం. ఒకసారి ఫుల్ స్కాన్ చెయ్యండి, ఏమీ దొరక్కపోతే దాని బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించుకోండి. ‘స్పీడ్ పెంచే’ క్లీనర్ సాఫ్ట్‌వేర్‌లు మాత్రం వెయ్యకండి, లేని తప్పులు వందలకొద్దీ చూపించి డబ్బు అడిగేవి వాటిలో చాలా ఉన్నాయి.

ప్ర: కావలి. రిటైర్డ్ టీచర్‌ని. పేపర్ చదువుతుంటే స్క్రీన్ అంతా నీలంగా మారి, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఆపితే డేటా పోతుంది, ఈ నంబర్‌కి మైక్రోసాఫ్ట్‌కి ఫోన్ చెయ్యండి అని పెద్దగా అరుస్తా ఉంది. కంగారులో చేశాను. ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడి ఏదో వేయించారు, మౌస్ దానంతట అదే తిరిగింది. బ్యాంకు లాగిన్ అవ్వమన్నప్పుడు మా అమ్మాయి వచ్చి నెట్ పీకేసింది. ఇప్పుడు సిస్టమ్ ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది.

జ: మాస్టారూ, మీ అమ్మాయి సరైన టైమ్‌లో సరైన పని చేసింది. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మోసపోయేలా కూర్చి రాసిన మాటలవి, చదువుకున్నవాళ్లు, బ్యాంకుల్లో పనిచేసినవాళ్లు కూడా పడుతున్నారు.

మీరు చూసింది వైరస్ కాదు, ఒక వెబ్ పేజీ. అది స్క్రీన్ నిండా పరుచుకుని, శబ్దం చేసి, మూసే గుర్తు కనపడకుండా చేస్తుంది, అంతకుమించి దానికి శక్తి లేదు. మైక్రోసాఫ్ట్ చూపించే అసలైన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు, ఆ సంగతి ఆ కంపెనీయే స్పష్టంగా చెప్పింది. నంబర్ కనపడిందంటే అది మోసమే, రెండో ఆలోచన అక్కర్లేదు. మళ్లీ వస్తే ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోండి, పేజీ చిన్నదవుతుంది, మూసెయ్యండి. కాకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అదీ కాకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి, సేవ్ చేసి ఉన్న డేటా ఏమీ పోదు. మళ్లీ బ్రౌజర్ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటావా అని అడిగితే వద్దనండి.

అసలు ప్రమాదం వాళ్లు మీ చేత వేయించిన రిమోట్ యాప్, అంటే ఎక్కడో కూర్చుని మీ సిస్టమ్‌ని నడిపించే యాప్. ఎనీడెస్క్ లాంటివి వైరస్‌లు కావు, ఆఫీసుల్లో రోజూ వాడతారు, కానీ అది ఉన్నంతవరకు మీరు లేనప్పుడు కూడా వాళ్లు లోపలికి రాగలిగేలా పెట్టి ఉండొచ్చు. నెట్ కలపకుండానే సెట్టింగ్స్‌లో యాప్స్ లిస్ట్ తెరిచి, ఆ రోజు తేదీతో వచ్చినవన్నీ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, పావుగంట పడుతుంది. నాకైతే ఇలాంటి సందర్భంలో కొత్తగా విండోస్ వేయించుకుంటేనే మనసు కుదురుగా ఉంటుందనిపిస్తుంది, ఫొటోలు ముందుగా కాపీ చేసుకుని అలాగే చెయ్యండి.

బ్యాంకు పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్ అమ్మాయి ఫోన్‌లో మార్చండి. పెన్షన్ పడే అకౌంట్ స్టేట్‌మెంట్ ఒకసారి చూసుకోండి. ఒక్క రూపాయి తేడా ఉన్నా అదే నిమిషం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి దాటిపోయేలోపు చెబితే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది, రేపు చూద్దాంలే అంటే ఆ అవకాశం పోతుంది. ఆ నీలం స్క్రీన్ మోసగాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు, మీ డబ్బు రిఫండ్ ఇస్తామంటారు. మాట్లాడకుండా పెట్టేయండి.

ఇంకొకటి, స్క్రీన్ కింది మూలన వైరస్ ఉంది, రెన్యూ చెయ్యండి అని చిన్న డబ్బాలు వస్తుంటే అవి ఎప్పుడో ఏదో సైట్‌లో ‘అలౌ’ నొక్కినందువల్ల వచ్చేవి. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేస్తే ఆగిపోతాయి.

ప్ర: నెల్లూరు దర్గామిట్ట దగ్గర హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. మెటీరియల్ పీడీఎఫ్ దించుకుందామంటే నేను రోబోను కాదని నిరూపించమని, విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, తర్వాత కంట్రోల్ వీ, ఎంటర్ కొట్టమని వచ్చింది. కొట్టాను. ఏమీ జరగలేదు. ఫర్వాలేదా?

జ: ఫర్వా ఉందమ్మా. ఏమీ జరగలేదనిపించడమే దాని పద్ధతి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే విండోస్‌కి నేరుగా ఆర్డర్ వేసే రన్ బాక్స్ తెరుచుకుంటుంది. ఆ పేజీ ముందే నీకు తెలియకుండా ఒక కమాండ్ కాపీ చేసి పెట్టింది, కంట్రోల్ వీ అంటే దాన్ని అతికించడం, ఎంటర్ అంటే నడపడం. అంటే వైరస్ దించుకోమని నీ చేతే ఆర్డర్ వేయించారు. నువ్వే స్వయంగా నడిపావు కాబట్టి బ్రౌజర్ హెచ్చరికలు, డౌన్‌లోడ్ తనిఖీలు అడ్డం రాలేదు. క్లిక్‌ఫిక్స్ అంటారు దీన్ని, 2024 నుంచి బాగా పెరిగింది. అసలైన రోబో పరీక్ష ఏదీ బ్రౌజర్ బయట ఏ మీటా నొక్కమనదు.

దీని వెనక ఎక్కువగా వచ్చేవి లుమ్మా లాంటి దొంగ ప్రోగ్రామ్‌లు. 2025 మే నెలలో మైక్రోసాఫ్ట్, యూరోపోల్ కలిసి లుమ్మా నెట్‌వర్క్‌ని దెబ్బతీసినప్పుడు, రెండు నెలల్లోనే 3,94,000 పైగా విండోస్ కంప్యూటర్‌లకి అది సోకినట్టు లెక్క తేలింది. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లే కాదు, లాగిన్ అయి ఉన్నామని గుర్తుంచుకునే కుకీలు కూడా పట్టుకుపోతుంది. ఆ కుకీ ఉంటే పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ లేకుండానే నీ అకౌంట్‌లో కూర్చోగలరు. అందుకే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని చోట్లా లాగౌట్ చెయ్యి, ల్యాప్‌టాప్‌ని నెట్ నుంచి తీసేసి ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు, వీలైతే విండోస్ మళ్లీ వేయించు. హాస్టల్‌లో నీ ల్యాప్‌టాప్ వాడుకున్న స్నేహితురాళ్లకి కూడా చెప్పు, వాళ్ల లాగిన్‌లు కూడా అందులో ఉంటాయి. పరీక్ష అప్లికేషన్ పెట్టిన మెయిల్ ఐడీ ఏదో దాన్ని ముందు కాపాడుకో.

ప్ర: సింగరాయకొండ. మా సిస్టమ్‌లో విండోస్ 10 ఉంది. అప్‌డేట్‌లు ఆగిపోయాయంటున్నారు, విండోస్ 11 ఎక్కదంటున్నారు. బాగానే పని చేస్తా ఉంది కదా, అట్లే వాడుకుంటే ఏమవుద్ది?

జ: ఈ రోజుకి ఏమీ కాదు. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్‌లు ఆపేసింది, అంటే ఇకపై దొరికే లోపాలు మీ సిస్టమ్‌లో అలాగే ఉండిపోతాయి. దాని ఫలితం ఎలా ఉంటుందో 2017లో చూశాం. విండోస్‌లో ఒక లోపానికి ఆ సంవత్సరం మార్చిలోనే మరమ్మతు ఇచ్చారు, వేసుకోనివాళ్లు, పాత విండోస్‌లో ఉండిపోయినవాళ్లు లక్షల్లో మిగిలారు, మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చి 150 దేశాల్లో సిస్టమ్‌లకి తాళాలు వేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్‌లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది ఎవరూ ఏమీ నొక్కకుండానే నెట్‌వర్క్‌లో ఒకదాని నుంచి ఒకదానికి పాకింది. పైన చెప్పిన మిగతా వాటిలో మన జాగ్రత్త పని చేస్తుంది, ఇలాంటి దానికి మాత్రం అప్‌డేట్ ఒక్కటే మందు.

మీకున్న దారులు ఇవి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే పొడిగింపు కోసం ఎన్‌రోల్ అవ్వమని కనిపిస్తుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు లేకుండానే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్‌లు వస్తాయి. ముందు అది చెయ్యండి. ఆ తర్వాతికి విండోస్ 11 మీ సిస్టమ్‌కి ఎందుకు ఎక్కడం లేదో చూడండి, దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి మొదలు. ప్రాసెసర్ సరిపోయేదే అయినా బయోస్‌లో (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగ్స్‌లో) టీపీఎం ఆఫ్‌లో ఉండి ఎక్కని సిస్టమ్‌లు ఉన్నాయి, మెకానిక్‌ని అది అడగండి. నిజంగానే పాతదైతే విండోస్ బదులు లినక్స్ మింట్ వేయించుకోండి, ఉచితం, నెట్, మెయిల్, వీడియోలు, ఉత్తరాలు టైప్ చేసుకోవడానికి ఏ లోటూ ఉండదు. ట్యాలీ లాంటివి మాత్రం దాంట్లో నేరుగా నడవవు, అది చూసుకుని నిర్ణయించుకోండి. ఏదీ కుదరకపోతే ఆ సిస్టమ్‌ని నెట్ లేకుండా వాడుకోండి, బ్యాంకు పనులు దాంట్లో చెయ్యకండి.

క్రాక్ విండోస్ 11 వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ క్రాక్‌తో ఏం వస్తుందో చీమకుర్తి ఉత్తరంలో చదివారు.

ప్ర: బుచ్చిరెడ్డిపాళెం. కంప్యూటర్‌లో వాట్సాప్ వాడుతుంటే చుట్టాల నంబర్ నుంచి పెళ్లి పత్రిక అని ఏపీకే ఫైల్ వచ్చింది. నొక్కాను, తెరుచుకోలేదు. సిస్టమ్‌కి ఏమైనా అయిందా?

జ: సిస్టమ్‌కి ఏమీ కాదు, ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎక్కే యాప్, మామూలు విండోస్‌లో నడవదు. కానీ అదే మెసేజ్ మీ ఫోన్‌లో కూడా ఉంటుంది, ఇంట్లో ఎవరైనా అక్కడ నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాళ్లకి పోతాయి. పత్రిక అనేది ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. ఆ మెసేజ్ ఇప్పుడే డిలీట్ చెయ్యండి. పంపిన చుట్టాలకి వాట్సాప్‌లో కాకుండా మామూలు ఫోన్ కాల్ చేసి చెప్పండి, వాళ్ల ఫోన్ ఇప్పటికే ఎవరి చేతుల్లోనో ఉండి ఉంటుంది, వాళ్ల బ్యాంకుకి, 1930కి వాళ్లు వెంటనే ఫోన్ చెయ్యాలి.